పదకొండో స్టార్టరు

మోటర్లు బాగుచేసే మా కాక చనిపోయాడు. మంగళవారం పొద్దున ఆయన భార్య, మా చిన్నమ్మ, చాయ్ పెట్టి లేపితే లేవలేదు. మెట్‌పల్లి చుట్టుపక్కల బోరుబావి ఉన్న రైతుల్లో ఆయన చేతిపని ఎరగనివాళ్లు తక్కువ. మీలోనూ కొందరు ఎరిగే ఉంటారు. ఈ నాలుగు మాటలు ప్రేమతో రాస్తున్నాను, భయంతో కూడా.

నా కిరాణా దుకాణానికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను బడికి పోయింది తక్కువ. రాయడం, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. రోజూ జరిగింది పుస్తకంలో రాసుకుంటాను గానీ నలుగురిలో మాట్లాడను. కాక నన్ను తన రేకుల షెడ్డులో ఊరికే కూర్చోనిచ్చేవాడు. అక్కడ కాలు పెట్టే చోటు ఉండేది కాదు. కాలిన రాగితీగ, అరిగిన బేరింగులు, ఎప్పుడో విప్పిన పంపులు, వాటి మీద ఏళ్ల దుమ్ము. ఆయన మాత్రం తలెత్తకుండా చెయ్యి చాచి కావలసింది తీసేవాడు.

పొలం ఎండుతోందని ఎవరైనా వస్తే తింటున్న అన్నం ముందునుంచి లేచేవాడు. "పైరు తింటలేదు, నేనెట్ల తింట?" అనేవాడు.

ఏ ఇనుప డబ్బానైనా ముందు చేతి వెనకభాగంతో తాకేవాడు. "అరచెయ్యితోని ముట్టకు బిడ్డా. కరెంటుంటె ముడుసుకొని వట్టుకుంటది, ఇడువదు. ఎనక చెయ్యైతె దూరం గుంజుకుంటది."

మొన్నటి ఎండల్లో ఆయన చుట్టాల పెండ్లికని మూడు రోజులు జైనూర్ పోయాడు. షెడ్డులో తేలు కనబడిందని చిన్నమ్మ నా దగ్గరకు వచ్చింది.

"జర నువ్వన్న సదురు బిడ్డా. ఆదివారం చర్చికి తెల్లంగి తొడుక్కొని దొరలెక్క పోతడు, ఇల్లేమో పాతసామాన్ల దుకాణం."

"కాకకు కోపమొస్తదేమో చిన్నమ్మా."

"రానీ. తేలు కుడితె ఆయన కోపం మందైతదా?"

మూడు రోజులూ సదిరాను. పనికిరానివి పారేశాను. బోల్టులు సైజు ప్రకారం డబ్బాల్లో పోశాను. బోరు మోటర్లు ఆన్ చేసే స్టార్టరు డబ్బాలు కొన్ని బల్ల మీద, కొన్ని మేకులకు, ఒకటి మూలన గోనెసంచుల కింద దొరికాయి. అన్నిటినీ కిరోసిన్ గుడ్డతో తుడిచి ఒకే అరలో వరసగా పెట్టాను. పుస్తకంలో 'స్టార్టర్లు పదకొండు' అని రాసుకున్నాను. ఆ అర చూసి నాకు గర్వంగా అనిపించింది.

కాక వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. తిడతాడనుకున్నాను. అర వైపు చూసి, "మూలకున్నది ఏదిరా?" అన్నాడు.

తుడిచాక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"గా దుమ్మే దాని గుర్తు" అన్నాడు.

ఆ డబ్బా పొడిగా ఉన్నంతసేపు బాగానే పనిచేస్తుందట. చెమ్మ తగిలితే ఒళ్లంతా కరెంటు పారుతుందట. ఒక రైతు దెబ్బ తిని, చావు తప్పించుకుని తెచ్చి ఇచ్చాడు. రెండేళ్ల కింద ఎన్నిసార్లు విప్పి చూసినా లోపం ఎక్కడుందో కాకకు దొరకలేదు.

"పాత ఇనుముకు అమ్మితె ఎవడో రంగేసి మల్ల బాయి కాడికే తోలుతడు. పలగ్గొట్టేదుండె. దాని రోగం దొరకవట్టాలెనని పంతం వట్టిన. తప్పు నాదే."

తడిగుడ్డ చుట్టి ఒక్కొక్కదాన్నీ పరీక్షించాడు. పది మాత్రమే ఉన్నాయి. పదీ మంచివే.

చిన్నమ్మ తలుపు పట్టుకుని మెల్లగా చెప్పింది. "పొద్దుగాల ఒగాయన అచ్చిండు. సక్కగ వరుసకున్నయని మెచ్చుకొని ఒకటి కొనుక్కపోయిండు. ఏ ఊరో అడగలే."

"ఎట్లుండె మనిషి?"

"నెత్తికి తువ్వాల. మోటరుసైకిల్."

"గట్లాంటోళ్లు జిల్లంత ఉన్నరు గదనే" అని కాక నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మర్నాటి నుంచి ఆయన మోపెడ్ మీద ఊరూరా తిరిగాం. ప్రతి బావి దగ్గరా దిగి, మెయిన్ బంద్ చేసి, డబ్బా విప్పి చూసేవాడు. చూసిన ఊరిపేరు నేను పుస్తకంలో కొట్టేసేవాణ్ణి. ఆ ఎండల్లో ఆయన మొహం రోజురోజుకూ పీక్కుపోయింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "ఫికర్ జెయ్యకు. నువ్వు మంచికే సదిరినవ్. గని వాన వడకముందు దొరకాలె" అనేవాడు.

సోమవారం వానమొగులు పట్టింది. ఆకాశం చూసి కాక ఆ పూట అన్నం ముట్టలేదట. తెల్లవారితే ఆయనే లేడు.

బుధవారం మట్టి చేశాం. పది ఊళ్ల రైతులు వచ్చారు. నలుగురిలో నోరు విప్పని నేను, గుంత పక్కన నిలబడి గట్టిగా అడిగాను. "కాక ఇంట్ల లేనప్పుడు స్టార్టర్ కొన్నదెవలు?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ ఎండాకాలం మెట్‌పల్లిలో ఆయన ఇంటినుంచి కొన్న బూడిదరంగు స్టార్టరు మీ బావి దగ్గర ఉంటే, దాన్ని ముట్టకండి. చేతి వెనకతో కూడా వద్దు. కరెంటు తెలిసినవాళ్లతో లైను తీయించి నాకు కబురు పెట్టండి.

మేం మట్టి పోస్తుండగానే మొదటి చినుకులు పడ్డాయి. "మంచి మనిషి. మట్టి కాడ వాన వడ్డది" అంది ఒక ముసలవ్వ. రైతులు మొహాలు పైకెత్తారు. ఎన్నాళ్లకో వాళ్ల మొహాల్లో సంతోషం. తర్వాత ఒక్కొక్కరే మోటరుసైకిళ్లు తీసుకుని తడుస్తూ పొలాల దారి పట్టారు. సమాధి దగ్గరి నుంచి చూస్తూ నిలబడ్డాను.

అందరి నెత్తికీ తువ్వాలలే.