బావ కారుకు నేను చేసిన లెవెలు

అందరూ తప్పులు చేస్తరు. నేను ఉత్తగ చేసి ఊకోలేదు. ఆ తప్పును మిల్లీమీటరుల నూరో వంతు దాక కొలిచి, నాలుగు మూలల మరలు బిగించి, గుడ్డతోని తుడిచి మరీ నిలబెట్టిన. దాంతోని ఒక పెద్దమనిషి నడుము, మా బావ బతుకుతెరువు, మా అక్క ఆదివారం పెట్టే కోడికూర, మూడూ ఒక్క పొద్దుల ఆపదల పడ్డయి. జెర సదురుకొని కూసోండి, చెప్త.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. పటాన్‌చెరుల ఒక ఫ్యాక్టరీల నేను ఫిట్టర్‌ను. కొత్త మెషిన్ వస్తే దాన్ని వంకర లేకుంట కూర్చోబెట్టుడు నా పని. దానికి నా దగ్గర ఒక స్పిరిట్ లెవెల్ ఉండె. గాజు గొట్టంల చిన్న బుడగ. అది నడుమన నిలబడితే మెషిన్ సమానంగ ఉన్నట్టు. ఎంత సున్నితమంటే, పక్కన ఎవడన్న అబద్ధం చెప్పినా బుడగ కదిలేది.

మా యాదగిరి బావ పనిచేసే కంపెనీ మూతపడ్డది. ఉన్నది ఊడ్చి, ఎవరూ కొనని ఒక పాత విదేశీ కారు కొన్నడు, కిరాయికి నడుపుదామని. సరిగ్గ అప్పుడే మా మేనేజర్ సారుకు రోజూ పటేల్‌గూడ ఇంటి నుంచి ఫ్యాక్టరీకి తెచ్చి దించే కారు కావాల్సి వచ్చింది. బావను తీస్కపోయి నిలబెట్టిన.

సారు కుర్చీల ఒక పక్కకు ఒరిగి, చేతిని నడుము మీద పెట్టుకొని చెప్పిండు: "నాకు నడుంనొప్పి. సోమవారం నీ కారులో ఒకసారి వస్తాను. నా నడుము సరేనంటే కాంట్రాక్టు నీదే."

బావ కారు నడుము సారు నడుముకంటె అధ్వానంగ ఉండె. చీమను తొక్కినా లోపలున్నోళ్ల తల పైకప్పుకు తగిలేది. నేరుగ ఖాజా భాయ్ షెడ్డుకు పోయినం. పటాన్‌చెరుల బండ్ల ఎగురుడు, దుంకుడు, మూలుగుడు అన్నీ ఆయనకే తెలుసు.

"రెండు తీర్లు ఉన్నయి," అన్నడు ఖాజా భాయ్ చెయ్యి తుడుచుకుంట. "ఒకటి, స్ప్రింగు వేరే, షాకబ్జరు వేరే. స్ప్రింగు బరువు మోస్తది, షాకబ్జరు ఎగురుడు ఆపుతది. రెండోది కాయిలోవర్. షాకబ్జరు మీదనే స్ప్రింగు తొడిగి, రెండూ ఒకటే కట్ట. సిటీల పాత సామాన్ల బజార్ల ఈ కారుకు సరిపడే సెట్టొకటి పడి ఉంది."

నాకు చిన్నప్పటి నుంచి ఒక రోగం. లోపల ఏముందో తెల్వకుంటే అన్నం సహించదు.

"భాయ్, షాకబ్జరు లేకుంట స్ప్రింగు ఒక్కటే పెడితే?"

"ఎగురుకుంట పోయి జహీరాబాద్‌ల ఆగుతది."

"స్ప్రింగు లేకుంట షాకబ్జరు ఒక్కటే పెడితే?"

"షెడ్డులనే కూసుంటది."

"మరి రెండూ ఒక్క తాన కట్టేస్తే, అవి కొట్లాడుకోవా?"

"మల్లేశం భాయ్, నువ్వు జల్దీ పెండ్లి చేస్కో."

"ఎందుకు భాయ్?"

"ఇన్ని ప్రశ్నలు నేనొక్కన్నే ఎందుకు భరించాలె?"

ఆ బజార్ల సెట్టు తెప్పించి చూసిన. షాకబ్జరు ఒంటి చుట్టూ సన్నటి మరలు, మరల మీద ఒక రింగు. "ఇదేంది?" అన్న. "అది తిప్పితే ఆ మూల కారు లేస్తది, తిరగేసి తిప్పితే దిగుతది," అన్నడు ఖాజా భాయ్. అనకపోతే బాగుండు. పిల్లి ముందల పాలగిన్నె పెట్టి మూత తీసినట్టయింది.

"నా మాట విను," అన్నడు ఆయన. "ఇది రేసులు కొట్టెటోల్ల సామాను, గట్టిగ ఉంటది. నడుంనొప్పి మనిషికి విడివిడిగ మెత్తటివి వేద్దాం. తిప్పేది లేదు, చూసేది లేదు. వేసి మర్చిపోవుడే."

"మర్చిపోయేదానికి ఫిట్టర్ ఎందుకు భాయ్?"

బావ మా ఇద్దరి మొఖాలు మార్చి మార్చి చూసిండు. "బామ్మర్దీ, నాకైతే ఏం తెల్వది. మెషిన్ల నడుమ బతికేటోనివి. నీ మీదనే వదిలేస్తున్న."

గట్ల చెప్పి మా బావ తన సంసారాన్ని నా పానా చేతిల పెట్టిండు.

శనివారం ఖాజా భాయ్ గొణుక్కుంటనే కాయిలోవర్లు ఎక్కించిండు. ఆదివారం బీరంగూడల బావ ఇంటి వాకిట్ల, గేటు దిక్కు మొఖం పెట్టి కారు నిలబెట్టిన. కింద నున్నటి సిమెంటు. కారు తలుపు కింది గడప మీద ఒకసారి పొడుగ్గ, ఒకసారి అడ్డంగ స్పిరిట్ లెవెల్ పెట్టి మొదలుపెట్టిన.

"తమ్మీ, కారుకు జ్వరం చూస్తున్నవా?" అన్నది సుజాతక్క, చాటల బియ్యం చెరుక్కుంట.

"మాట్లాడకక్కా, బుడగ అదురుతది."

చిత్రమేందంటే, ముందు ఎడమ మూల పాతాళంల ఉండె. అక్కడి స్ప్రింగు ముసలిదయిందని తీర్పు చెప్పి, రింగు తిప్పి తిప్పి లేపిన. వెనక కుడి మూల ఆకాశంల ఉండె. దానికి పొగరనుకొని దించిన. పిల్లి బానెట్ ఎక్కితే బుడగ జరిగింది. పిల్లి దిగేదాక ఊపిరి బిగవట్టిన. పొద్దుగూకే వరకు బుడగ నడుమకొచ్చి, అక్కడనే పుట్టినట్టు నిలబడ్డది. ఆనాడు అక్క కోడికూరల రెండు కాళ్లూ నాకే వేసింది.

సోమవారం పొద్దున బావ స్టీరింగు పట్టిండు, నేను పక్కన కూసున్న. రోడ్డెక్కంగనె బావ మెడ ఒక దిక్కు వంగింది.

"బామ్మర్దీ, రోడ్డు వంకర ఉన్నట్టుంది."

"రోడ్లన్నీ గంతే బావా. మన కారు సీదా ఉంది కాబట్టి ఇయ్యాల నీకు కనబడ్డది."

పాన్‌డబ్బా ముందల నిలబడ్డ ముసలాయన కారును చూసి నోట్ల పాన్ నమలుడు ఆపిండు. "ఏందిరా యాదగిరీ, నీ కారు బర్రె చెరువుకెల్లి ఒడ్డు మీద కాలేసినట్టు పోతున్నది?"

పట్టించుకోలేదు. బుడగ సంగతి ఆయనకేం తెలుసు?

పటేల్‌గూడల సారు వెనక ఎడమ తలుపు తీసి కూసున్నడు. సారు మర్యాదకని బావ సీట్లకు కొత్త నున్నటి రెక్జిన్ వేయించి ఉండె. కారు కదిలింది. రెండు నిమిషాలకు వెనక నుంచి గొంతు వచ్చింది.

"డ్రైవరు గారూ, మనం మలుపు తిరుగుతున్నామా?"

"లేదు సార్, సీదా పోతున్నం."

"మరి నేనెందుకు తిరుగుతున్నాను?"

అద్దంల చూస్తే సారు సీటు నడుమకు వచ్చి ఉండె. ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో పైన పిడి పట్టుకొని ఎడమకు పాకుతడు, ఒక గుంత వస్తది, "అమ్మా" అంటడు, మళ్ల కుడికి జారుతడు. కాయిలోవర్ గుంతలను దాయలేదు, ఒక్కొక్కటి సారుకు పేరు పెట్టి పరిచయం చేసింది. ఎడమ తలుపుల ఎక్కిన మనిషి ఫ్యాక్టరీల కుడి తలుపుల నుంచి దిగిండు, ఫైలు కంటె ముందల.

కోపం చేస్తడనుకున్న. ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగిండు. ఆయన కండ్లల్ల నా రోగమే కనబడ్డది.

"దీన్ని ఎవరు లెవెల్ చేశారు?"

బావ వేలు నా దిక్కు లేచింది.

"సార్, బుడగ నడుమనే ఉంది," అన్న ఛాతీ విరిచి. "తప్పు రోడ్డుది."

సారు కారును లారీలు తూచే కాంటా మీదికి ఎక్కించిండు. ఫ్యాక్టరీ మొత్తంల దానికంటె చదునైన నేల లేదు. నా లెవెల్ నేనే పెట్టిన. బుడగ ఒక మూలకు ఉరికి అక్కడనే దాక్కున్నది.

"ఎక్కడ నిలబెట్టి చేశావు?"

"మా అక్కోళ్ల వాకిట్ల సార్."

బావ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నడు. "వాకిట్లనారా! వాస్తు పంతులు చెప్పిండని ఈశాన్యం మూలకు జానెడు వాటం పోయించిన కదరా! నీళ్లు గటే పోవాలె, లేకుంటే ఇంటికి అరిష్టమన్నడు కదరా!"

సారు ఆగలేదు. మధ్యాహ్నం అన్నం కూడ తినకుండ ఆఫీసు జీపుల బీరంగూడ వచ్చిండు. అక్కనడిగి చెంబెడు నీళ్లు తీస్కొని, వాకిలి నడుమ పోసిండు. నీళ్లు అటూ ఇటూ చూడలేదు. సీదా ఈశాన్యం మూలకు, నేను లేపిన ముందు ఎడమ చక్రం నిలబడ్డ తావుకు, గేటు కిందికెల్లి బయటికి. "భలే!" అని నడుంనొప్పి మరిచి వంగి చూసిండు. గంతే, మళ్ల లేవరాలేదు. నేనొక చెయ్యి, బావొక చెయ్యి పట్టి మెల్లగ నిటారు చేసినం. ఆ లెవెల్ మాత్రం బుడగ లేకుంటనే కుదిరింది.

"మల్లేశం, మన షాపులో ఎన్ని మెషిన్లు కూర్చోబెట్టావు?"

"పదకొండు సార్."

ఆయన పెన్ను తీసి అరచేతి మీద పదకొండు అని రాసుకున్నడు. ఆ వారమంత సూపర్‌వైజర్ నెత్తి మీద నిలబడితే పదకొండూ మళ్ల చూసిన. అన్నీ సీదానే ఉన్నయి, మీరు కూడ అనుమానపడకండి.

ఇగ ఆ మధ్యాహ్నం వాకిట్ల బావ చేతులు కట్టుకొని నిలబడ్డడు. అక్క తలుపు సందుల నుంచి చూస్తున్నది. సారు చెప్పిండు: "యాదగిరీ, కాంట్రాక్టు నీదే. కానీ స్ప్రింగులు విడిగా, షాకబ్జర్లు విడిగా వేయించు. ఆ రెండింటికంటే ముందు, ఈ బావమరిదిని కారుకు విడిగా ఉంచు."

ఆనాడు అందరి ముందల ఒట్టేసిన: ఈ జన్మల ఏ నేల మీదైనా ముందు చెంబెడు నీళ్లు పోసి, అవి ఎటు పోతయో చూడనిదే పానా పట్టను. ఆ ఒట్టు ఇయ్యాల్టి దాక తప్పలేదు. మొన్న మా ఆవిడ కొత్త బీరువా దింపిస్తే, పడకగది నడుమ చెంబెడు నీళ్లు పోసిన. అవి సీదా నేల మీద పరిచిన పరుపు కిందికి పోయినయి. బీరువా ఇప్పుడు సమానంగ ఉంది. నేనే, పరుపు ఆరే దాక, అరుగు మీద ఉన్న.