ముందు బుల్లయ్య కాయలు

మా ఆయన యలమందయ్య పిరికివాడు. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఎదుటే అంటాను, ఆయనా కాదనడు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఎవరి మీదా గొంతెత్తింది లేదు. అలాంటి మనిషిని తీసుకెళ్లి మొన్న సర్పంచి ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చోబెట్టారు మా పార్టీవాళ్లు. ఆయనకు చదవడం, రాయడం వచ్చు, వద్దనడం మాత్రం రాదు.

అవతలి పార్టీ ఏజెంటు బుల్లయ్య. వాళ్లవీ మావీ పక్కపక్క చేలు, పక్కపక్క కల్లాలు. నన్ను చెల్లెమ్మా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. ఆ మధ్యాహ్నం బూత్‌లో ఇద్దరూ నేను పంపిన క్యారేజీలోనే తిన్నారు. సాయంత్రానికి పదకొండు ఓట్లతో మావాళ్లు గెలిచారు. గెలిచినవాళ్లు ఊరుకోవచ్చుగా! బుల్లయ్య గుమ్మం ముందు అరగంట టపాకాయలు కాల్చారు. మా ఆయన కాల్చలేదు, అలాగని ఆపనూ లేదు. మర్నాటి నుంచి బుల్లయ్య మాతో మాట్లాడటం మానేశాడు.

ఆ వారంలోనే పక్క ఊళ్లో ఎవరిదో మిరపకాయల రాశి తగలబడింది. కావాలని ఎవరైనా అంటించారో, బీడీ నిప్పు పడిందో తెలియదు. మా ఊళ్లో మాత్రం ప్రతివాడూ ఎదుటివాడి చేతుల వంక చూడటం మొదలుపెట్టాడు. బుల్లయ్య అన్న కొడుకు బాలు, చిన్నప్పటి నుంచి మా ఆయన్ని మామయ్యా అని పిలిచినవాడు, టీకొట్టు దగ్గర నలుగురిలో అన్నాడట: "మా బాబాయ్ కల్లంలో ఒక్క కాయ చెడినా ఎవరింటికి వెళ్లాలో మాకు తెలుసు."

అది విన్న దగ్గర్నుంచి మా ఆయనకు అన్నం సహించలేదు. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాడు. నాకూ భయమే. ఆయన ముందు ఒప్పుకోలేదంతే.

మంగళవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మా మూడెకరాల కౌలు మిరప పంట మొత్తం కల్లంలో ఆరబోసి నేల మీదే ఉంది. పక్కన బుల్లయ్యదీ అంతే. బుల్లయ్య గుంటూరు వెళ్లాడు. వాన వస్తే, ఊళ్లో లేనివాడి కాయలు ముందు కప్పి, ఆ తరవాత ఎవరివి వాళ్లు కప్పుకోవాలన్నది మా కల్లాల కట్టుబాటు. మామూలుగా అయితే పదిమంది పరిగెత్తుకొస్తారు. ఎన్నికల తరవాత ఎవరి కల్లం వాళ్లదే అయిపోయింది. అక్కడున్నది మేమిద్దరమే. కాయల మీద కప్పే టార్పాలిన్ పట్టా లాగడానికి కూడా ఇద్దరు కావాలి.

మొదటి చినుకు పడగానే నేను మా పట్టా అంచు పట్టుకున్నాను. ఈయన బుల్లయ్య కాయల వైపు పరిగెత్తాడు.

"ఏమయ్యా, మనవి ఇక్కడున్నాయి!"

"రావే! ముందు వాడివి!"

"మతి పోయిందా? ఏడాది కష్టమయ్యా!"

"అవి తడిస్తే మనల్నే అంటారే గురవమ్మా. రావే, నీకు దణ్ణం పెడతా."

తిట్టుకుంటూనే వెళ్లాను. ఆయన పట్టా లాగి పట్టుకుంటే తాడు ముడి నేనే వేశాను. అంచుల మీద రాళ్లు పెట్టి మా వైపు తిరిగేసరికి వాన దంచేసింది. మా కాయలు నీళ్లలో తేలుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే మూడు బండ్లు వచ్చి ఆగాయి. ముందు బాలు దిగాడు.

"ఏయ్, మా కాయల దగ్గర నీకేం పని?"

మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. కొడతారనే అనుకున్నాను. ఆయనకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. బాలు పట్టా ఎత్తి చూశాడు. ఆ తరవాత మా కాయల వంక చూశాడు. పక్కకెళ్లి వాళ్ల బాబాయ్‌కి ఫోన్ చేశాడు.

పొద్దుగూకే వేళకు బుల్లయ్య బస్సు దిగి నేరుగా కల్లానికే వచ్చాడు. తన పట్టా కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మా రాశిలో చెయ్యి పెట్టి చూశాడు. మా ఆయన వైపు తిరిగాడు.

"ఒరే బావా, మీది దొంగల పార్టీరా. రేపూ ఇదే అంటాను."

"అను," అన్నాడు మా ఆయన. "నా మొహం మీదే అను. మీది అంతకన్నా దొంగల పార్టీ అని నేనూ అంటాను. మాట్లాడటం మాత్రం మానెయ్యకురా బుల్లయ్యా. నువ్వు మాట్లాడకపోతే నాకు భయమేస్తోంది."

"నాకు మాత్రం వెయ్యట్లేదా?" అన్నాడు బుల్లయ్య.

మర్నాడు పొద్దున్నే బుల్లయ్య తన కాయలు ఒక పక్కకు పోగుచేసి, తడవని తన కల్లంలో సగం మాకు వదిలాడు. తడికాయలు పల్చగా పరిచాం. సగం తెల్లబడి ధర పలకని తాలుకాయలయ్యాయి, సగం దక్కాయి. ఆ రోజంతా మా ఆయనా బుల్లయ్యా కాయలు తిరగేస్తూ, పార్టీల గురించి ఊరంతా వినేలా వాదించుకున్నారు. మా ఆయనకు అంత గొంతుందని నాకు అప్పుడే తెలిసింది. రోడ్డు మీద బండి చప్పుడైనప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట ఆపి అటు చూశారు.