హెలెన్ పేరున్న రేకు

పదిహేనేళ్ళకు పైగా ఒక ఇనపరేకు బరువు గుండెల మీద మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

రాయపూర్‌లో గుఢియారీ అనే పేటలో మా పక్కింటి ముసలాయన మా శ్రీకాకుళం వాడే. కలాసీ మావయ్య అనేవాళ్ళం. వయసులో ఉండగా సరుకు ఓడ ఇంజిన్ గదిలో పనిచేశాడు. పెద్ద యుద్ధంలో అమెరికావాళ్ళు కట్టిన ఓడ అది. మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళే రేకులు అతికారనీ, వాళ్ళలో హెలెన్ అనే ఆమె ఇంజిన్ గది గోడ మీద తన పేరు వెల్డింగుతో రాసుకుందనీ, బాంబులు పడే సముద్రం దాటి బతికిన ఆ ఓడను తర్వాత మనవాళ్ళు కొన్నారనీ చెప్పేవాడు. ఎదురుగా ఊఁ కొట్టేవాణ్ణి. పక్కకు వచ్చి, మావయ్య మాటలు కోటలు దాటి సముద్రంలో పడ్డాయని వీధంతా నవ్వించేవాణ్ణి. కోతలరాయుడని పేరు పెట్టింది నేనే.

ఊరి బయట ధర్సీవా దగ్గర, పాత ఇనుము కాల్చి కమ్మీలు తీసే రోలింగ్ మిల్లులో నా పని. పాత ఓడల రేకులు లారీల్లో వస్తాయి. ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీయడం నా వంతు. గ్యాస్ కట్టర్ ఆ గీత వెంటే పోతుంది. ఆ పైన కొలిమి.

ఒక మధ్యాహ్నం మందపాటి రేకు మీద, పెచ్చులూడిన రంగు కింద, ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. చేత్తో తుడిచాను. హెలెన్. ఎక్కడో ఒక ఆడమనిషి నిప్పురవ్వల మధ్య కూర్చుని రాసుకున్న పేరు, అన్ని సముద్రాలూ తిరిగి, సముద్రమే లేని మా ఊరికి వచ్చి నా వేళ్ళ కింద ఉంది. చేతులు జోడించాను. నిజంగానే.

మరి తర్వాత ఏం చేశాను? సుద్ద తీసి ఆ పేరు మధ్యలోంచే గీత గీశాను. ఎందుకు? రేకు వీధిలోకి వస్తే నవ్వులపాలయ్యేది నేనని. ఇంతకన్నా మంచి కారణం ఇన్నేళ్ళూ వెతికాను. దొరకలేదు.

ఆ సాయంత్రం మావయ్య ఎప్పటిలాగే అడిగాడు.

"ఏటి నాయినా, మా ఓడ రేకేటైనా వచ్చిందేటి?"

"నేదు మావయ్యా. అంతా మామూలు కబాడే, పాత తుక్కు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "రోజూ ఆ పేరు మీద సెయ్యేసే పన్లోకి దిగీవోణ్ణి. వస్తే నువ్వు సెప్తావు గదా, నన్ను నమ్మీది నువ్వొక్కడివే. ఏమో మరి, కలగన్నానేటో."

ఆ తర్వాత ఆయన ఓడ మాటెత్తలేదు. రెండేళ్ళు బతికాడు. తన బతుకు తనకే అబద్ధంగా తోచి పోయాడు. ఎదురైనప్పుడల్లా నిజం నోటిదాకా వచ్చేది. మింగేసేవాణ్ణి.

క్షమించమని ఎవరినడగను? ఆయన లేడు. ఆయన చెప్పింది నిజం. నా కళ్ళతో చదివాను. ఈ మాట ఆయనతో అనడానికి ఒక్క గడప దాటితే సరిపోయేది, దాటలేదు. ఇప్పుడు రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.