నాయన జీపు, గుల్ల ఇసుక

మా నాయన జీపు పందెంలో ఓడిపోయిందని మా పాళెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ముందు ఎవరైనా ఆ మాటంటే ఒళ్ళు మండుతుంది. జీపు ఓడిపోలేదు, దాన్ని ఓడించారు. ఓడించింది పక్క బండిలో ఉన్నవాడు కాదు. మా జీపులోనే కూర్చుని స్టీరింగు పట్టుకున్నవాడు, నా సొంత అన్న.

మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే చివరన వచ్చే పాళెం. అన్నీ వేటకు పోయే కుటుంబాలే. మా నాయన మాత్రం కుర్రతనంలోనే వల వదిలి స్పానరు పట్టాడు. పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టాడు. అన్నా నేనూ బడికి పోయినంత సేపు ఆ షెడ్డులోనూ ఉండేవాళ్ళం. ఇంజను పని అన్న కంటే నాకే బాగా పట్టుబడిందని నాయన పదిమందిలో అనేవాడు. ఆడపిల్ల చేతులకు ఆ గ్రీజేంటని మేనత్తలు సణిగితే, "మీ మొగుళ్ళ బోటు నడి సముద్రంలో ఆగినప్పుడు వచ్చి చెప్పండమ్మే ఆ మాట" అని వాళ్ళ నోళ్ళు మూయించేవాడు.

ఆ జీపును నాయన ఏదో సర్కారు ఆఫీసు వాళ్ళు వేలం వేస్తే పాడుకున్నాడు. అప్పటికే అది ముసలిది. ముందు అద్దం బానెట్టు మీదికి మడిచేయొచ్చు. సీట్లు కుళ్ళిపోతే, విరిగిన పాత పడవ చెక్కలతో నాయనే కొత్తవి చేసుకున్నాడు. అందుకే ఆ జీపులో కూర్చుంటే చేపనూనె వాసన వచ్చేది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. బస్సులు రాలేదు. రోడ్డు మీద మోకాటిలోతు నీళ్ళు. ఫ్యాను తిరిగి ఇంజను మీదికి నీళ్ళు చిమ్మకుండా నాయన బెల్టు పీకేసి, పగలంతా ఆ జీపులో పిల్లల్నీ ముసలివాళ్ళనీ మెరక మీదున్న బడికి చేరవేశాడు. ఒక కరెంటు స్తంభం ఒరిగి వెనక తలుపు మీద పడింది. ఆ సొట్టను నాయన ఎప్పుడూ సరిచేయలేదు.

తుఫాను పోయాక గంగమ్మ గుడి ముందు పాళెమంతా కూడింది. ఈ బండి మా ఇంటిదే అయినా గాలివాన వస్తే పాళెం మొత్తానిదీ అని నాయన మాట ఇచ్చాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని అమ్మరని కూడా చెప్పాడు. పెద్దకాపు, అంటే మా పాళేనికి పెద్ద, దాన్ని దురాయిగా కట్టాడు. దురాయి అంటే మా తీరంలో ఊరి కట్టుబాటు. దాన్ని దాటినవాడి ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. పెళ్ళికి పిలిస్తే రారు, చావుకు కూడా రారు.

నాయన పోయాక జీపు షెడ్డు వెనక ఏళ్ళ తరబడి పడి ఉంది. మా ఉప్పుగాలి ఇనుము కనబడితే వదలదు. చాసిస్ మీద గోరు పెట్టి గీస్తే పొలుసులు రాలేవి. ఒకరోజు అన్నే అన్నాడు, "ఏమ్మే, నాయన బండి లేపుదామా?" అని. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే మనిషిని కాదు.

ఇద్దరం కలిసి దాన్ని లేపాం. కుళ్ళిన చాసిస్ ముక్కలు కోసేసి కొత్త ఇనుము అతికాం. పాత ఇంజను ఉప్పుగాలికి బిగుసుకుపోయి, సుత్తితో కొట్టినా కదల్లేదు. కొడవలూరు దగ్గర హైవే మీద పల్టీ కొట్టిన ఒక పెద్ద కారు డీజిల్ ఇంజను పాత సామాన్ల కొట్టులో దొరికితే, దాన్ని తెచ్చి దీని కడుపులో కూర్చోబెట్టాం. అది పట్టడానికి బానెట్టు కింద చోటు చాల్లేదు. రేడియేటరు ముందుకు జరిపాను, ఇంజను నిలబెట్టే మౌంటింగులు నా చేత్తో చేశాను. గేరుబాక్సు అన్న చూసుకున్నాడు. రంగు పడవలకు వేసే నీలమే వేశాం. సొట్ట అలాగే ఉంచాం. తాళం తిప్పితే ఆ ముసలి జీపు కుర్రదానిలా ఉరికింది. అమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి, "మీ నాయన దీన్ని ఇంత జోరుగా తోలి ఎరగడు" అని నవ్వింది.

మా ఒడ్డున పందేలు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆదివారం పొద్దున నీళ్ళు వెనక్కి తీసినప్పుడు గట్టి ఇసుక రోడ్డులాగా బయటపడుతుంది. రెండు బండ్లు పక్కపక్కన నిలబెడతారు. పడవల వరస దగ్గర బయలుదేరి, వంపు లేకుండా నేరుగా సరుగుడు తోపు దాకా పోవాలి. ముందు చేరినవాడు గెలిచినట్టు. నెల్లూరు నుంచి కుర్రాళ్ళు మెరిసే బండ్లు వేసుకొచ్చేవాళ్ళు. మా నీలం జీపును చూసి మొదట నవ్వేవాళ్ళు. తోపు దగ్గరికి పోయాక నవ్వేవాళ్ళు కాదు. నడిపేది అన్న. ఇంజను పని, టైర్లలో గాలి తగ్గించే పని నాది. మాకు బండి కంటే ఇసుక ఎక్కువ తెలుసు. మా ఒడ్డున నడక నేర్చిన ఎవరికైనా తెలుస్తుంది. నీళ్ళు తీసినాక నున్నగా మెరుస్తూ సన్న గీతలు పడ్డ ఇసుక గట్టిది, దాని మీద ట్రాక్టరు పోయినా దిగబడదు. ఎండ్రకాయలు, అంటే పీతలు, బొక్కలు పెట్టిన చోట లోపల గుల్ల. పైకి మామూలుగానే కనబడుతుంది, బరువు పడితే కూరుకుపోతుంది. పడవను ఒడ్డుకు లాగేటప్పుడు పిల్లలు కూడా ఆ బొక్కలు తప్పించి లాగుతారు.

మా పాళెం పక్కనే రొయ్యల గుంటలున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. కాపురం నెల్లూరులో. ఒడ్డున రిసార్టు కూడా కడుతున్నాడు. జీపు అమ్మమని రెండు మూడుసార్లు కబురు పెట్టాడు. చివరికి తానే షెడ్డుకు వచ్చి, "రిసార్టు గేటు ముందు పెడితే బ్రహ్మాండంగా ఉంటుందమ్మా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా నాయన బండి మీ గేటు కాడ బొమ్మ కాదు సార్, కాఫీ తాగి బయల్దేరండి" అన్నాను. కాఫీ కూడా ఇవ్వలేదు. అన్న ఆయన్ను కారు దాకా సాగనంపాడు. చాలాసేపు కారు దగ్గరే నిలబడి మాట్లాడాడు. నా మాటకు ఆయన నొచ్చుకోకుండా సర్దిచెబుతున్నాడు పాపం అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ఆసామి పందేనికి వస్తానన్నాడు. ఓడినవాడు బండి తాళం గెలిచినవాడి చేతిలో పెట్టాలని షరతు పెట్టాడు. అన్న పడవల దగ్గర అందరి ముందూ నన్ను అడిగాడు. "ఏమ్మే, ఏమంటావు? భయమా?"

"భయం ఎవురికి? ఆయన బండి మనకు రావాల్సిందే" అన్నాను.

పెద్దకాపు కూడా అక్కడే ఉన్నాడు. అమ్మడం కాదు గదా, పందెమే గదా, ఇందులో దురాయికి అడ్డమేం లేదన్నాడు. ఆ మాట ఎవరూ అడగకుండానే ఎందుకు అన్నాడా అని నాకు తోచలేదు. ఆసామి బండిని మా ఇసుక మీద ఎలా ఏడిపించాలా అన్నదే నా ధ్యాసంతా.

ఆ ఆదివారం పాళెమంతా ఒడ్డునే ఉంది. అమ్మ కూడా వచ్చింది. సైగకు ఎత్తిన కండువా దించగానే రెండు బండ్లూ ఉరికాయి. సగం దూరానికే మాది ముందుంది. ఇంజను మోత వింటుంటే నాకు కడుపు నిండినట్టయింది. తోపు కనబడుతోంది, ఎదురుగా మెరిసే గట్టి ఇసుక పరుచుకుని ఉంది. అప్పుడు జీపు ముక్కు మెట్ట వైపు తిరిగింది. నేను కేకేశాను. జీపు నేరుగా పోయి ఎండ్రకాయల బొక్కల మధ్య ఇరుసు దాకా దిగబడింది. ఆసామి బండి పక్క నుంచి దూసుకుపోయింది.

పరుగెత్తుకుంటూ పోయాను. అన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు. దిగబడ్డ బండిని పదిమందీ లాగడం మా ఒడ్డున మర్యాద, గెలిచినవాళ్ళు కూడా చెయ్యి వేస్తారు. అందరూ వచ్చి లాగారు. ఒక్కరు కూడా నోరెత్తి ఎలా జరిగిందని అడగలేదు. "ఇసక మాయ చేసింది, ఏం చేస్తాం" అని పెద్దకాపు అన్నాడు. అందరూ తలలూపారు. తాళం ఆసామి చేతిలో పెట్టింది నేనే. అన్నకు ఆ పని చేసే ధైర్యం కూడా లేకపోయింది.

జనం వెళ్ళాక అన్నను టైర్ల జాడ దగ్గరికి లాక్కొచ్చాను. జాడ గట్టి ఇసుక మీద నేరుగా వచ్చి, ఒక్కచోట చక్కగా పక్కకు మళ్ళింది. బెదిరి తిప్పిన జాడ కాదది, మలుపు చూసుకుని తిప్పిన జాడ.

"ఇవి ఏందన్నా?" అని బొక్కలు చూపించాను.

"చూళ్ళేదుమే."

"నాయన మీద ఒట్టేసి చెప్పు."

ఒట్టు వేయలేదు. "నాకు ఇద్దరు బిడ్డలుండారు. ఎన్నాళ్ళని ఈ షెడ్డులో మసి పూసుకోను? ఆయన గుంటల మీద పెత్తనం ఇస్తానన్నాడు. అమ్మితే దురాయి అడ్డం. ఓడిపోతే ఎవురికీ ఇబ్బంది లేదు గదా" అన్నాడు.

నాకు చెప్పి ఉంటే కొట్లాడేదాన్ని. తిట్టేదాన్ని. కానీ ముందు నాకు చెప్పాలి కదా. నా చేత ఇంజను చేయించుకుని, పదిమందిలో నా నోటితోనే సరే అనిపించుకుని, నా కళ్ళ ముందే తీసుకుపోయి ముంచాడు. గేరుబాక్సు విప్పుకుంటూ నా పక్కన కూర్చుని పాటలు పాడిన మనిషి ఇతనేనా అని అతని ముఖంలోకి చూశాను. అప్పటి నుంచి మా మధ్య మాట పైపైనే.

అయినా నేను ఎవరికీ చెప్పలేదు. పాళెంలో తెలిస్తే అన్నను వెలివేస్తారు, అమ్మ తట్టుకోలేదు. ఇసుక మాయ చేసిందని ఎవరైనా అంటే పళ్ళ బిగువున ఊరుకునేదాన్ని. అన్న గుంటల దగ్గర మేనేజరయ్యాడు. అన్న పరువు నా నోట్లో దాచుకుని తిరిగాను. బరువుగా ఉండేది గాని, నేను తప్ప ఇంకెవరు మోస్తారు అనుకునేదాన్ని.

మొన్నటి వానాకాలం రేవులో తుఫాను జెండా ఎగరేశారు. నాయన మాట నాకు గుర్తొచ్చింది. జీపు అడుగుదామని రిసార్టుకు పోయాను. గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, చుట్టూ రంగు బల్బులు కట్టారు. సొట్ట లేదు, సాపు చేయించారు. అన్న లోపలి నుంచి వచ్చాడు.

"తాళం ఇయ్యి. వాన తగ్గినాక తెచ్చి పెడతా" అన్నాను.

"అది నడవదుమే. దిమ్మ మీదికి ఎక్కించాలంటే బరువని ఇంజను తీసేసినారు."

"ఏడుంది?"

అతను చెప్పాల్సిన పని లేకపోయింది. కరెంటు పోయి ఉంది, గుంటల వైపు నుంచి జనరేటరు మోత వస్తోంది. రొయ్యలకు గాలి అందించే చక్రాలు దాని మీదే తిరుగుతున్నాయి. నేను బిగించిన ఇంజను మోత నాకు తెలియదా?

ఇంటికి వచ్చేసరికి పాళేన్ని తరలించడానికి సర్కారు బస్సులు వచ్చి ఉన్నాయి. అందరూ ఎక్కుతున్నారు. అమ్మను ఎక్కించి పక్కన కూర్చున్నాను. ముఖం చూసి ఏమైందని అడిగింది. ఇంజను సంగతి చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ అన్న తప్పేముందిలే. ఆ పొద్దు ఇసక మాయ చేసింది" అంది.

అప్పుడు నావల్ల కాలేదు. "ఇసక మాయ చేయలేదుమా. అన్నే బొక్కల్లోకి తిప్పినాడు. చూసి తిప్పినాడు. నేను జాడ చూసినా" అన్నాను. చెప్పగానే భయమేసింది, ఆమె ఎలా తట్టుకుంటుందో అని.

అమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ అంది, "నేను ఈ ఒడ్డున పుట్టిందాన్ని గదమ్మే. నాకు ఇసక తెలీదా?"

నా ముందు సీట్లో పెద్దకాపు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. అతని కొడుకు ఆసామి గుంటల మీదే పని చేస్తున్నాడు. మా పక్క వరసలో ఉన్నామె కొడుకు రిసార్టులో. ఒక్కొక్కరినే చూస్తూ పోయాను. ఆ రోజు ఒడ్డున నిలబడ్డవాళ్ళే అందరూ. బొక్కలు ఎక్కడున్నాయో అందరూ చూశారు. జీపు అటు తిరగడం చూశారు. చూసి, దిగివచ్చి లాగి, ఇసుక మాయ చేసిందని నా ముందు తలలూపారు.

"నాకెందుకు చెప్పలేదుమా?" అన్నాను.

"నువ్వు ఒప్పుకునేదానివి కాదు" అంది అమ్మ.

బస్సు కదిలింది. మెరక మీదున్న బడికే తీసుకుపోయారు మమ్మల్ని. దోవలో పాళెం వాళ్ళెవరో నాకు కూడా ఒక రొట్టె అందించారు. దురాయి గుర్తొచ్చి తీసుకోలేదు.