తువ్వాల కింద తప్పు

మా ఊరివాళ్ల ఫోన్ గ్రూపులో మొన్న ఒకాయన పెబ్బేరు సంత గురించి ఏదో తప్పు రాశాడు. ఇక చూడండి, మీసం మొలవనివాళ్ల దగ్గర్నుంచి పళ్లూడినవాళ్ల దాకా అందరూ ఆయన మీద పడ్డారు. పాపం, అలిగి గ్రూపులోంచే వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్కడికైనా తువ్వాల గుర్తుకు రాలేదా?

ఎనభైల్లో మా నాన్న పెబ్బేరు సంతలో ఎద్దుల బేరగాడు. అక్కడ ధర పైకి అనరు. ఇద్దరు చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా లోపలి మాట లోపలే.

ఎద్దు వయసు తెలియాలంటే అందరూ దాని నోరు తెరిచి పళ్లు చూస్తారు. నాలుగు పళ్లయితే పడుచుది, ఎనిమిదీ వస్తే ముదిరినట్టు. నాన్న మాత్రం నడక చూసి చెప్పేవాడు. అంత పొగరు. ఇంట్లో వారం తప్పు చెప్పి, మేం క్యాలెండర్ చూపిస్తే, దాన్ని అచ్చేసినవాణ్ణి తిట్టే మనిషి.

ఒక సంతనాడు తిమ్మాజిపేట రైతు ఒకాయన నాన్న మాట నమ్మి ఎద్దును కొనబోతున్నాడు. "నాలుగు పండ్లదే. కండ్లు మూస్కొని తోల్కపో" అన్నాడు నాన్న. చుట్టూ జనం వింటున్నారు. ఆ మాట తప్పయితే రైతు సేద్యం మునుగుతుంది. తప్పని నలుగురికీ తెలిస్తే నాన్న దగ్గరికి ఇక ఎవరూ రారు.

అప్పుడొచ్చాడు సాయబు చాచా. ఆయనా బేరగాడే. ఎండ ఉందా లేదా అన్నదాని మీద కూడా నాన్నతో కొట్లాడేవాడు. "జర చెయ్యియ్యి భాయ్" అంటూ తువ్వాల కప్పాడు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. చాచా చెయ్యి తీసి, "బేరం కుదర్లే" అని అందరికీ వినబడేలా అని, బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు.

నాన్న వెళ్లి ఎద్దు నోరు తెరిచాడు. పళ్లన్నీ వచ్చి అరిగిపోయిన ముసలిది. "దొంగది! పడుసుదాని లెక్క నడిసి నన్నే మోసం జేసింది. వద్దు, ఇడ్సిపెట్టు" అన్నాడు రైతుతో. తప్పు మళ్లీ ఎద్దుదే.

ఇంటికొచ్చాక మాత్రం ఎగిరాడు. "ఎన్మిది పండ్లని ఎన్మిదిసార్లు నొక్కిండు వేలు! నిమ్మళంగ!"

"మందిల ఒర్రి చెప్తె బాగుండునా?" అంది అమ్మ. నాన్న అన్నం మీదికి వంగాడు.

ఆనాటి నుంచి ప్రతి సంతకూ ఉతికిన తువ్వాల వేసుకుని పోయేవాడు. చాచా ఎప్పుడు తప్పుతాడా, ఎప్పుడు వేలు నొక్కుదామా అని ఒకటే ఆశ. చాచా తప్పడు. ఆ కోపం ఇంట్లో మా మీద.

తొంభైల్లో ఆ రోజు రానే వచ్చింది. ఏ లోపం లేదని చాచా ఒకరికి ఎద్దును చూపిస్తున్నాడు. దాని కంట్లో తెల్లగా పువ్వు. నాన్న తువ్వాల దులుపుకుంటూ, పండుగ వచ్చినట్టే పరుగెత్తాడు. చేతుల మీద కప్పి, చాచా ముఖంలోకి చూశాడు. ఆ కళ్లలోనూ అదే తెలుపు. నాన్న ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరి చేతులూ చాలాసేపు బయటికి రాలేదు. చివరికి నాన్నే "బేరం కుదర్లే" అని అరిచాడు.

ఇంటికొచ్చి గొప్పలు చెప్తాడని మేమంతా చెవులు రిక్కించి కూర్చున్నాం. ఆయన తువ్వాల దండెం మీద వేశాడు.

"రేపు సాయబును దవాఖానకు తోల్కపోవాలె. వానికి కండ్లు కనిపిస్తలేవు" అన్నాడు. "ఎవ్వరికి చెప్పకుండ్రి."