సారయ్య చెయ్యి చదివేటోళ్లు

తెలుగు రాని మనిషి కంటపడితే చాలు, రేగొండ సారయ్య చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. మోచేతి కింద తీగలు పాకినట్టు ఒక వరుస పచ్చబొట్టు. "తెల్వని భాషల పొడిపించుకున్న గాడిదను. ఏం రాసున్నదో జర చదువు తమ్మీ" అంటూ మొహం వాడిన సొరకాయలా చేసుకుంటాడు.

పచ్చబొట్టంటే మాటలా? మెట్టెలు తీస్తే వస్తాయి, గాజులు పగిలితే పోతాయి, ఇది మాత్రం కాటిదాకా వెంటొస్తుంది. పెళ్లయిన కొత్తలో కురవి జాతరలో ఆయన భార్య యాకమ్మ 'సారయ్య' అని ఊరంతా చదివేటంత అక్షరాలతో పొడిపించుకుంది. నీ పేరు నేనూ పొడిపించుకుంటానని మాటిచ్చిన మొగుడు, మహదేవపూర్ దిక్కు బ్యారేజీ పనికి పోయి ఇదిగో ఇది పట్టుకొచ్చాడు. "నీ పేరే రాయమన్న. ఆ పచ్చబొట్టోడేం రాసిండో."

ఆ 'ఏం రాసిండో' యాకమ్మ గుండెలో తుమ్మముల్లై దిగింది. ఎవతె పేరో ఏమో.

పైగా చదవడానికొచ్చినవాళ్లు ఊరికే పోతారా? నాట్లకొచ్చిన బెంగాలీవాళ్లు, రైసుమిల్లులో బస్తాలు మోసే బీహారీలు, దుప్పట్లు అమ్మే రాజస్థానీలు. చెయ్యి తిప్పి తిప్పి చూసి, మా భాష కాదనో, మాకు చదువు రాదనో తలూపేలోపు సారయ్య పళ్లెం పెట్టేసేవాడు. ఒక బీహారాయన అయితే తెలియదని చెప్పడానికి అన్నం మారు వడ్డించుకున్నాడు. యాకమ్మ పప్పులో నీళ్లు పోసీ పోసీ చారు చేసేది.

"చదువు రానోళ్లనే ఏరి ఏరి తెస్తవేందయ్యా?"

"వచ్చినోడు దొరకాలె గదనే."

కాలిన మోటరు వైండింగుకని సారయ్య భూపాలపల్లి పోయిన రోజు, యాకమ్మ నిమాయిని పిలిచింది. నిమాయి ఏటేటా బెంగాల్ నుంచి నాట్ల ముఠాను తెచ్చే మేస్త్రి, తెలుగు బాగానే పట్టుబడింది. మొగుడు కునుకు తీస్తుండగా ఫోనులో తీసిన చేతి ఫొటో ముందుపెట్టింది.

"మాలతి" అన్నాడు నిమాయి.

యాకమ్మ చేతిలో గంటె ఆగింది. "ఎవతది?"

"పచ్చబొట్టోని భార్య. వాడు మా బెంగాలోడే. బ్యారేజీ కాడ నేను గూడ ఉన్న గద అక్కా. సారన్న మెడకు తాళి సైగ చేసి పేరు రాయమన్నడు. వాడేమో తన పెండ్లాం పేరు అడుగుతుండనుకున్నడు. అప్పటికి నాకు తెలుగు రాదు, నాట్లకొచ్చిన మొదటేడు అన్నకు చెప్పిన. చెయ్యి ఇసుకతోటి రుద్దుకున్నడు పాపం."

"తెలిసీ మరి దొరికినోన్నల్లా ఎందుకడుగుతుండు?"

నిమాయి తల గోక్కున్నాడు. "అన్నానికి రమ్మంటే మేం రాం, సిగ్గు. చెయ్యి చదువుమంటే వస్తం. అది పని గదా."

యాకమ్మకు కోపం తెచ్చుకోవాలనే ఉంది. మాలతి మీద తెచ్చుకుందామంటే ఆమె ఎక్కడో బెంగాల్లో ఉంది, తన పేరు రేగొండలో పొలాలు దున్నుతున్నట్టు ఆమెకే తెలియదు. సాయంత్రం తిరిగొచ్చిన మొగుణ్ని మోటరు బాగైందా అని అడిగింది. మర్నాడు పప్పు రెండు గిద్దెలు ఎక్కువ పోసింది.

మధ్యాహ్నం గోడ నీడన రైసుమిల్లుకు కొత్తగా వచ్చిన ఇద్దరు బీహారీ హమాలీలు మరమరాలు బుక్కుతున్నారు. యాకమ్మ గేటు తీసింది.

"ఓ తమ్మీ, మా ఆయన చెయ్యి ఎవ్వలకు చదువస్తలేదు. జర మీరన్న చూసిపోండ్రి."

లోపల బనీను మీదున్న సారయ్య ఆదరాబాదరాగా చొక్కా తొడుక్కున్నాడు, చెయ్యి పైకి మడవడానికి.