రెబెక్కా మేడమ్ నూనె సీసా

"ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోకుండా కబడ్డీ ఆడించలేమాండీ మేడమ్?" అని అడిగారు ప్రిన్సిపాల్ సుధాకర్ గారు.

వెక్కిరింపుకి అడగలేదు పాపం, నిజంగానే అడిగారు. ఆయన ఎకనామిక్స్ మనిషి. కరోనా మూడో వేవ్ అప్పుడే ఊపందుకుంది. పండగ సెలవులయ్యాక కాలేజీలు తెరవడం తప్పా ఒప్పా అని టీ కొట్ల దగ్గర జనం జుట్లు పట్టుకుంటున్న రోజులు. అలాంటప్పుడు యూనివర్సిటీ వాళ్ళు ఏ కళనున్నారో గానీ, ఫిబ్రవరిలో కాలేజీల మధ్య ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడుతున్నాం, ఇష్టమున్నవాళ్ళు రండి, లేనివాళ్ళు మానేయండి అని కబురు పంపారు. అంటే బరువు తీసుకొచ్చి మన నెత్తిన పెట్టారన్నమాట.

స్టాఫ్ రూములో తలో సలహా. మాస్కులు పెట్టి ఆడించమన్నారు కెమిస్ట్రీ ఆయన.

"మాస్కులో కూత పెడితే రిఫరీకి ఏం వినపడుతుందండీ?" అంది రెబెక్కా.

"పోనీ కూతకెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళంతా శానిటైజర్ పూయించండి."

"పూయిస్తానండి. అవతలివాళ్ళు పట్టుకుంటే జారిపోతారు, కప్పు మనదే."

అందరూ నవ్వారు గానీ సుధాకర్ గారు నవ్వలేదు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, మొహంలో మొహం పెట్టి రొప్పే ఆట ఇది, రేపు ఏ పిల్లకైనా ఏమన్నా అయితే వాళ్ళ ఇంటికెళ్ళి నేనేం చెప్పాలి అన్నారు. న్యాయమైన మాటే. దానికి రెబెక్కా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు గొంతు పెంచడం ఆవిడకి మొదటినుంచీ అలవాటు.

"ఏమీ కాదు సార్. పూచీ నాది."

ద్రాక్షారామం పక్కన చర్చివాళ్ళు నడిపే ఆ ఆడపిల్లల కాలేజీలో రెబెక్కా ఫిజికల్ డైరెక్టరు. ఒకప్పుడు జిల్లాలో పేరున్న రైడరు. లూథరన్ బడిలో పంతులు గారి కూతురు నిక్కరేసుకుని కబడ్డీ ఆడుతోందని చర్చి పెద్దలు మొహం చిట్లించుకుంటే, అన్నయ్య ఆశీర్వాదం ఆమెని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గ్రౌండుకి తీసుకెళ్ళేవాడు. చెల్లెలి మోకాళ్ళ కోసం నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము, కర్పూరం వేసి కాచి సీసాలో పోసిచ్చేవాడు. ఆ నూనె రెబెక్కా ఇప్పటికీ అలాగే కాస్తుంది. ఆటకి ముందు ప్రతి పిల్ల మోకాళ్ళకీ తనే రాస్తుంది. మూత తీస్తే చాలు, వీధి చివరిదాకా ఘాటు. పిల్లలు దానికి దెయ్యం నూనె అని పేరు పెట్టారు.

ఆశీర్వాదం ఇప్పుడు లేడు. రెండో వేవ్‌లో పోయాడు. తెలిసినవాళ్ళింట్లో పెళ్ళి ప్రధానం, వడ్డించడానికి మనిషి కావాలంటే వెళ్ళాడు. ఆ ఇంటి కుర్రాడికి అప్పటికే వాసనా రుచీ తెలియడం లేదు. చెబితే ప్రధానం ఆగిపోతుందని ఇంట్లోవాళ్ళే నోరు మూయించారు. ఆక్సిజన్ మంచం కోసం రెబెక్కా కాకినాడలో ఎక్కని మెట్టు లేదు, పట్టుకోని కాలు లేదు. అన్నీ అయ్యాక ఒకరోజు వెళ్ళి వాళ్ళ వాకిట్లో నిలబడి, "ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?" అని వీధంతా వినపడేలా అడిగింది. వాళ్ళు తలుపు తీయలేదు. ఆ వీధి మొహం ఆవిడ మళ్ళీ చూడలేదు.

ఇంత తెలిసిన మనిషి మరి పోటీలకెందుకు ఎగబడిందంటే, వినీల కోసం. మూడో సంవత్సరం పిల్ల. కూతకి వెళ్ళిందంటే ఆ ఊపిరి ఎక్కడ దాచుకుంటుందో తెలియదు, అవతల ఏడుగురూ అలిసిపోవాలిగానీ దాని గొంతు తెగదు. యూనివర్సిటీ జట్టుని ఈ పోటీల్లోనే ఎంచుతారు. ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో ఆటల టీచరు చదువు, బి.పి.ఇడి. సీటు వస్తుంది, కాకపోతే లేదు. వాళ్ళమ్మ బేబి భీమవరం వైపు రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తుంది. వందనాలండీ అంటూ కాలేజీకొచ్చి ముందే చెప్పేసింది, "మీరు నిలబెడితే చదివిస్తానండి, లేదంటే వేసవి నుంచి నాతో షెడ్డుకి తీసుకుపోతాను." చల్లనీళ్ళలో నాని తెల్లగా పాలిపోయిన ఆ వేళ్ళు చూశాక రెబెక్కాకి ఇంకో ఆలోచన రాలేదు.

ప్రాక్టీసు మొదలుపెట్టింది. ఒంట్లో బాగోలేకపోతే చెప్పండర్రా అని మొదటిరోజు అందరికీ చెప్పింది కూడా. కానీ మర్నాడే దుమ్ముకి రమ్యశ్రీ అనే పిల్ల ఖళ్ళున దగ్గితే, "దగ్గకే తల్లీ! ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూస్తున్నారు. ఆట ఆపించేస్తావా ఏంటి?" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఎవరికి గొంతు గరగరలాడినా పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి, "దగ్గకే తల్లీ" అనేవాళ్ళు. అదొక సరదా అయిపోయింది.

పోటీలు పెద్దాపురం దగ్గర ఒక కాలేజీలో. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు చేయించిన టెస్టుల్లో అందరికీ నెగటివ్. వ్యాను కిటికీలన్నీ తెరిచి, పొద్దున్నే చలిలో వణుకుతూ సామర్లకోట మీదుగా వెళ్ళారు. గేటు దగ్గర జ్వరం చూసే తుపాకీ అందరి నుదుటా పెట్టి పంపించారు. రెబెక్కాకి రెండ్రోజులుగా గొంతు నొప్పి. అరిచి అరిచి వచ్చిందిలే అనుకుంది. తరగతి గదిలో బెంచీలు జరిపి పిల్లల్ని కూర్చోబెట్టి, సంచిలోంచి సీసా తీసి మూత తిప్పింది.

వాసన లేదు.

నూనె పాడయ్యిందనుకుంది మొదట. పది రోజుల క్రితం కాచిందే, ఎలా పాడవుతుంది? వినీల మోకాలి మీద పోసి రాస్తుంటే, అవతల బెంచీ మీద రమ్యశ్రీ ముక్కు మూసుకుంది. "అమ్మో దెయ్యం! మేడమ్, కళ్ళు మండిపోతున్నాయండి, మూతెట్టెయ్యండి." మిగతావాళ్ళంతా గోల. వినీల ఒక్కతే కిక్కురుమనకుండా కాలు చాపుకుని కూర్చుంది. ఆట ముందు భయం కాబోలు అనుకుంది రెబెక్కా. అనుకుంటూనే అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. శానిటైజరు చేతిలో ఒంపుకుని పీల్చింది. మంచినీళ్ళలా ఉంది.

ఇప్పుడే వస్తానర్రా అని బాత్‌రూమ్‌కి నడిచింది. ఎవరో అప్పుడే ఫినాయిల్‌తో కడిగి వెళ్ళారు, నేల ఇంకా తడిగా, తెల్లగా ఉంది. మాస్కు దించి గట్టిగా ఊపిరి తీసింది. ఏమీ లేదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది.

ఎవరికీ తెలియదు. అదే ఆవిడ మెదడులో గిర్రున తిరిగిన మొదటి మాట. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. దూరంగా కూర్చుంటే సరిపోతుంది. మాస్కు మీద మాస్కు వేసుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్ళూ పిల్లలతోనే ఉంది కదా, అంటుకునేదైతే ఈపాటికి అంటుకునే ఉంటుంది, ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం? పడుచుపిల్లలు, నాలుగు రోజులు జ్వరమొచ్చి పోతుంది. చెబితే మాత్రం జట్టు జట్టంతా ఇంటికే. వినీల షెడ్డుకే. ఒక్క ఆట. ఈ ఒక్క పూట గడిస్తే చాలు ప్రభువా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది, అయినా మళ్ళీ అదే అనుకుంది.

బయటికొచ్చేసరికి పిల్లలు ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. వినీల కూత వినపడింది. ఎప్పుడూ తీగలా సాగే గొంతు మధ్యలో టక్కున తెగింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ తెగింది. ఆ పిల్ల పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా నీళ్ళు తాగింది. రెబెక్కా చూసింది. చూసి కూడా చూడనట్టు గదిలోకి నడిచింది. ఆ పూట ఆవిడకి తన ముక్కు తప్ప ఇంకేదీ పట్టలేదు.

పోటీలు నడిపే విజయ్ పాల్ గారు గుమ్మంలోంచి తొంగిచూశారు. "మేడమ్ గారూ, తర్వాత మీదేనండి. సెలెక్షన్ వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు."

"ఆయ్, వచ్చేస్తున్నామండి," అంది రెబెక్కా. అంటున్న గొంతు తనది కాదనిపించింది.

ఆయన వెనకే అవతలి జట్టు పిల్ల ఒకతి కుంటుకుంటూ వచ్చింది. సన్నగా, రెండు జడల పిల్ల. "వందనాలండి మేడమ్. మోకాలు పట్టేసిందండి. మీ దగ్గర నూనె ఉంటుంది, ఎవరికైనా రాస్తారని మా మేడమ్ పంపించారండి." అవును, రాస్తుంది. ఎదుటి జట్టైనా సరే, నొప్పని వస్తే కాదనడం రెబెక్కా ఇంటావంటా లేదు. ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, కాలు చాపి ఆవిడ ఒళ్ళో పెట్టేసింది.

"ఇదే వాసనండి," అంది నవ్వుతూ. "మా అమ్మమ్మ కూడా ఇదే కాస్తుందండి."

రెబెక్కా చేతులు సీసా మీద ఆగిపోయాయి.

"అమ్మమ్మ మీతోనే ఉంటుందా?"

"ఆయ్. మేమిద్దరమేనండి. ఆయాసం మనిషండి, అందుకే సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలండి నేను."

నూనె పోయబోయిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. తలుపు తీయని ఆ ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ తలుపు ఇవతల నిలబడి అరిచిన మనిషి, ఇప్పుడు అవతల గడియ పెట్టుకుని కూర్చుంది. అంతే తేడా. రెబెక్కా ఆ పిల్ల కాలు మెల్లగా కిందికి దించింది.

"మాస్కు పైకి లాక్కోమ్మా. బయటికెళ్ళి చేతులూ మొహం సబ్బుతో కడుక్కో. మీ మేడమ్‌ని గేటు దగ్గరే ఉండమను, నేనే వచ్చి దూరం నుంచి మాట్లాడతాను. వెళ్ళు."

ఆ పిల్ల ఏం తప్పు చేశానా అన్నట్టు చూసుకుంటూ వెళ్ళింది. రెబెక్కా కిటికీ దాకా వెనక్కి జరిగి, తన పిల్లలందర్నీ లోపలికి పిలిచింది. జెర్సీల్లో వరసగా నిలబడ్డారు, మొహాలు వెలిగిపోతున్నాయి.

"నాకు వాసన తెలియట్లేదర్రా. పొద్దున్నే తెలిసింది. ఇప్పటిదాకా చెప్పలేదు. మనం ఆడట్లేదు."

రమ్యశ్రీ బెంచీ మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. రెబెక్కా వినీల వైపు చూడలేకపోయింది. అయినా చూసింది. ఆ పిల్ల మొహంలో కోపం లేదు. ఏదో బరువు దించుకున్నట్టుంది.

"నాకూ తెలియట్లేదండి మేడమ్," అంది వినీల. "నిన్నటినుంచండి."

రమ్యశ్రీ ఏడుపు ఆపి తలెత్తింది.

"నిన్నటినుంచా? మరి చెప్పలేదేంటే?"

"మీరు పూచీ పడ్డారు కదండీ, మీకు మాటొస్తుందని." తల దించుకుంది. "మీరే అన్నారు కదండీ, దగ్గొద్దని."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. వీళ్ళకి ఆట నేర్పించాననుకుంది, పట్టు నేర్పించాననుకుంది. ఆ ఇంటివాళ్ళు కొడుక్కి నేర్పినదే తనూ నేర్పింది. వాళ్ళు కసిరి నోరు మూయించారు, తను నవ్వించి మూయించింది. రెబెక్కాకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గ్రౌండు దాటి గేటు దాకా వెళ్ళి, ఆగాల్సినంత దూరంలో ఆగి, విజయ్ పాల్ గారికీ అవతలి మేడమ్‌కీ అన్నీ చెప్పింది. తన సంగతి, వినీల సంగతి, చేతులు తగిలిన ఆ పిల్ల సంగతి. ఆ పిల్ల అమ్మమ్మని వేరే గదిలో పడుకోబెట్టమని రెండుసార్లు చెప్పింది.

"అయితే జట్టుని వెనక్కి తీసుకున్నట్టేనాండీ మేడమ్?" అన్నారాయన.

"తీసుకున్నట్టేనండి."

సెలెక్షన్ వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు. తిరిగొచ్చేసరికి వినీల వరండా చివర ఒక్కతే కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, పిడికిలి ఇంకా నోటికి అడ్డం పెట్టుకుని. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి. వేసవి నుంచి షెడ్డు. అది ఇద్దరికీ తెలుసు.

రెబెక్కా మెట్ల దగ్గరే నిలబడిపోయింది. దగ్గరికెళ్ళి వీపు నిమరాలని ఉంది. వెళ్ళలేదు.

"చెయ్యి తియ్యమ్మా," అంది. "దగ్గు. దగ్గవే తల్లీ."

వినీల చెయ్యి తీసింది. నిన్నటినుంచి బిగబట్టుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఒంగిపోయి, సంచి పట్టుకుని, ఎంతసేపటికీ ఆపలేకపోయింది. ఎప్పుడూ తెగని ఆ ఊపిరి ముక్కలుముక్కలుగా తెగుతుంటే, రెబెక్కా అక్కడే నిలబడి చివరిదాకా వింది.